‘హీ డిడ్ నాట్ వెంట్’: పిల్లల ఇంగ్లీషు తప్పుల వెనక లెక్క

మూడో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురి నోటుపుస్తకంలో ‘హీ డిడ్ నాట్ వెంట్ హోమ్’ అనే వాక్యం కింద ఎర్ర గీత కనిపించింది. పక్కన ‘గో’ అని దిద్దుబాటు. అదే పేజీలో మరో నాలుగు చోట్ల అదే పొరపాటు, అదే ఎర్ర గీత. ‘‘ఇక్కడ వెంట్ ఎందుకు రాయకూడదు?’’ అని అడిగాను. ‘‘డిడ్ ఉంటే పక్కన వి-వన్ రావాలి’’ అని తడుముకోకుండా చెప్పింది. వి-వన్ అంటే క్రియ మూలరూపం. రూలు నోటికి వచ్చు. ‘‘మరి వెంట్ ఎందుకు రాశావు?’’ అంటే, ఇంత పెద్దవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసి, ‘‘నిన్న జరిగింది కదా బాబాయ్!’’ అంది.

ఆ జవాబు విన్నాక ఎర్ర గీత మీద నాకు గౌరవం తగ్గింది. జరిగిపోయిన పనికి క్రియ మీద గుర్తు ఉండాలని ఆ పిల్లకు తెలుసు. వెంట్ అనేది ఆ గుర్తేననీ తెలుసు. తెలియనిది ఒక్కటే: ఇంగ్లీషు వాక్యంలో కాలం గుర్తును ఒక్కసారే వేస్తారు, డిడ్ ఆ పని ముందే చేసేసింది. పిల్ల చేసింది అజాగ్రత్త కాదు, అతి జాగ్రత్త.

దీన్ని నేను మూట కథగా చెప్పాను. వాక్యంలో క్రియలు వరసగా నడుస్తుంటాయి. కాలం అనే మూట ఒకటే ఉంటుంది, దాన్ని ముందు నడిచేది మోస్తుంది. వెనక వచ్చేదాని భుజం మీద ఆ మూట ఉండదు. ‘హీ వెంట్’లో ఉన్నది ఒకే క్రియ కాబట్టి అదే మోసుకుంటుంది. ‘హీ డిడ్ నాట్ గో’లో డిడ్ మోస్తోంది, గో చేతులూపుకుంటూ వస్తోంది. ‘డిడ్ హీ గో?’ అన్నా అంతే. ‘హీ ఈజ్ గోయింగ్’ను నిన్నటికి మార్చాలంటే ఈజ్ వాజ్ అవుతుంది, గోయింగ్ కదలదు. ‘షీ సింగ్స్’లో చివర ఉన్న స్ కూడా ఈ మూటలోని సామానే. అందుకే ప్రశ్న అడగగానే అది సింగ్‌ను వదిలి ముందుకు దూకి ‘డజ్ షీ సింగ్?’ అవుతుంది. గైడు పుస్తకాల్లో డిడ్‌కు ఒక రూలు, డజ్‌కు ఒక రూలు, వాజ్‌కు ఒక రూలు, హ్యాడ్‌కు ఒక రూలు కనిపిస్తాయి. నిజానికి అవన్నీ ఒకే రూలు. నాలుగుగా చీల్చి చెప్పడం వల్లే నాలుగూ గుర్తుండవు.

ఇంతకంటే మంచి సాక్ష్యం పిల్ల నోట్లోనే ఉంది. ‘‘వాడు ఇంటికి వెళ్లాడు. దీన్ని ‘లేదు’ పెట్టి చెప్పు’’ అన్నాను. ‘‘వెళ్లలేదు’’ అంది. ‘‘వెళ్లాడులేదు అనలేదేం?’’ అంటే పకపకా నవ్వింది. నవ్వాల్సినంత వింతే అది. ‘లేదు’ రాగానే తెలుగు క్రియ కూడా తన గుర్తులన్నీ దించేసుకుంటుంది. వెళ్లాను, వెళ్లావు, వెళ్లాడు, వెళ్లారు అని మనిషిని బట్టి మారే మాట, నేను వెళ్లలేదు, నువ్వు వెళ్లలేదు, వాళ్లు వెళ్లలేదు అంటూ ఒకే రూపానికి వచ్చేస్తుంది. ‘డిడ్ నాట్ గో’ చేస్తున్న పని సరిగ్గా ఇదే. ఈ పోలిక గతకాలం దాకానే నడుస్తుంది; ‘వెళ్తాడు–వెళ్లడు’ దగ్గర తెలుగు వేరే దారి పడుతుంది. అయినా ఎనిమిదేళ్ల పిల్లకు తన భాషలో తాను రోజూ పాటిస్తున్న నియమం ఒకటి చూపిస్తే, ఇంగ్లీషు నియమం పరాయిదిగా అనిపించదు.

తప్పుల్లో దాగిన నియమం

ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్న పిల్లలు కూడా వెంట్, మైస్, ఫీట్ అనాల్సిన చోట ‘గోడ్’, ‘మౌసెస్’, ‘ఫుట్స్’ అంటారు. పెద్దవాళ్లెవరూ అలా అనరు కాబట్టి ఆ మాటలు విని నేర్చుకున్నవి కావు. మరి ఎక్కడి నుంచి వచ్చాయి? 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు దీన్ని తేల్చడానికి చక్కని ఉపాయం పన్నారు. పక్షిలాంటి ఒక వింత బొమ్మ గీసి, నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు చూపించి, ‘‘ఇది ఒక వగ్’’ అన్నారు. అలాంటి మాట భాషలోనే లేదు. తర్వాత రెండు బొమ్మలు చూపించి, ‘‘ఇప్పుడు ఇవి రెండు...’’ అని ఆపేశారు. పిల్లలు ‘వగ్జ్’ అని పూరించారు. ఎన్నడూ వినని మాటకు బహువచనం చెప్పగలిగారంటే, వాళ్ల బుర్రలో ఉన్నది మాటల మూట మాత్రమే కాదు, మాటలను తయారుచేసే యంత్రం కూడా.

ఇందులో తల్లిదండ్రులను కంగారు పెట్టే మలుపు ఒకటుంది. చాలామంది పిల్లలు మొదట్లో ‘వెంట్’ అని సరిగ్గానే అంటారు, కొన్నాళ్లకు ‘గోడ్’ అనడం మొదలుపెడతారు, తర్వాత మళ్లీ ‘వెంట్’ దగ్గరికి వస్తారు. చూసేవారికి పిల్ల వెనకబడినట్టు ఉంటుంది. జరిగింది అందుకు పూర్తిగా తలకిందులు. మొదటి ‘వెంట్’ చిలకపలుకు. ‘గోడ్’ అన్ననాడు పిల్లకు నియమం పట్టుబడింది, దాన్ని ఉత్సాహంగా అన్నిటికీ తగిలిస్తోంది. రెండో ‘వెంట్’ నాటికి ఆ నియమానికి మినహాయింపులున్నాయని తెలిసింది.

మినహాయింపులు ఎందుకున్నాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ‘‘అంతే, అలా గుర్తుపెట్టుకో’’ అనడం కంటే నిజం చెప్పడం మేలు, పైగా నిజం సరదాగా ఉంటుంది. ఇంగ్లీషులో దారి తప్పిన క్రియలు సుమారు 200. కానీ ఆ గుంపులో ఎవరున్నారో చూడండి: బీ, హ్యావ్, డూ, సే, గో, కమ్, సీ, టేక్. నోట్లో ఎక్కువగా నానే మాటలన్నీ అక్కడే ఉన్నాయి. రోజూ వాడేది పాత రూపంలోనే అరక్కుండా మిగులుతుంది. అరుదుగా వాడేదాని పాత రూపం మరిచిపోయి జనం చివర ‘ఎడ్’ తగిలించేస్తారు. హెల్ప్‌కు గతరూపం ఒకప్పుడు ‘హోల్ప్’. అది పోయి ‘హెల్ప్డ్’ వచ్చింది. ఇక ‘వెంట్’ అసలు గో కుటుంబానికి చెందినదే కాదు. ‘వెండ్’ అనే మరో క్రియకు గతరూపం. గో తన పాత గతరూపాన్ని పోగొట్టుకుంటే ఇది వచ్చి ఆ చోట కూర్చుంది.

మన దగ్గర మాత్రం ఇలాంటివి లేవా? వస్తాను, వచ్చాను అంటాం. ఆ లెక్కన ‘వచ్చలేదు’ అనాలి. కానీ ‘రాలేదు’ అంటాం. రాను, రండి, రాకూడదు. ఏ మాస్టారూ ఈ పట్టిక వేయించలేదు, అయినా ఏ తెలుగు పిల్లా ఇక్కడ తడబడదు. కారణం ఒక్కటే, ఆ మాటలను లెక్కలేనన్నిసార్లు విని ఉంటుంది. ఇంగ్లీషు క్రియలను అక్షరక్రమంలో మూడు గళ్ల పట్టికగా బట్టీ పట్టించడం అందుకే నాకు నచ్చదు. అందులో ‘బిగిన్’ పక్కన ‘బెండ్’ ఉంటుంది, రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. చప్పుడును బట్టి గుంపులు కట్టండి. సింగ్, రింగ్, స్ప్రింగ్ ఒక గుంపు. గతరూపాల్లో స్యాంగ్, ర్యాంగ్ అనాల్సిన చోట సాంగ్, రాంగ్ అంటూ నేను కూడా ఒకప్పుడు తికమకపడినవే, కానీ ఒకటి కుదిరితే మిగతావి దాని వెంట వస్తాయి. కీప్–కెప్ట్, స్లీప్–స్లెప్ట్, వీప్–వెప్ట్ మరో గుంపు. పుట్, కట్, హిట్ అసలు మారనే మారవు, పిల్లలకు ఇవంటే మహా ఇష్టం.

చెవితో తేల్చాల్సినవి

‘‘ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాలతో మొదలయ్యే మాటకు ముందు యాన్ రాయాలి.’’ ఈ రూలు ఎన్ని పుస్తకాల్లో ఉందో చెప్పలేను కానీ, ఇది తప్పు. దీన్ని నమ్మిన పిల్ల ‘యాన్ యూనిఫాం’, ‘ఎ అవర్’ అని రాస్తుంది, దెబ్బలు మాత్రం తనే తింటుంది. చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని. యూనిఫాం స్పెల్లింగు ‘యు’తో మొదలైనా నోటికి వచ్చేది యకారం. అవర్ స్పెల్లింగులో ముందు ‘హెచ్’ ఉన్నా వినిపించేది అకారం. ఎక్స్-రేలో మొదటి అక్షరం ‘ఎక్స్’ అయినా చెవికి తగిలేది ఎకారం.

తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక పెద్ద సౌకర్యం ఉంది. అచ్చులు, హల్లులు అనే విభజన వాళ్లకు మొదటి తరగతి నుంచే తెలుసు, అది పూర్తిగా శబ్దం మీద ఆధారపడిన విభజన. ‘‘ఈ మాటను తెలుగులో రాస్తే మొదట వచ్చేది అచ్చా, హల్లా?’’ అని అడిగితే చాలు. అవర్: అచ్చు, కాబట్టి యాన్. యూనిఫాం: హల్లు, కాబట్టి ఎ. అంబ్రెల్లా: అచ్చు. యూరోపియన్: హల్లు.

ఈ ఉపాయంలో రెండు గుంతలు ఉన్నాయి, ముందే చెప్పాలి. మొదటిది ‘యా’. యాంట్, యాక్టర్ మొదట్లో ఇంగ్లీషులో వినిపించే అచ్చుకు తెలుగులో అక్షరం లేదు, అందుకని ‘యా’తో సరిపెట్టుకుంటున్నాం. తెలుగులో హల్లులా కనిపించినా అది అచ్చే, కాబట్టి ‘యాన్ యాంట్’. అదే యార్డ్ అయితే నిజమైన యకారం. ‘యా’ కనిపించినప్పుడు మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగు వైపు ఒకసారి చూడాలి. రెండో గుంత మన ఉచ్చారణలోది. ఎలుకను యెలుక, ఒకటిని వొకటి అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ నోటితో ఎలిఫెంట్ ‘యెలిఫెంట్’ అవుతుంది, పిల్ల నిజాయితీగా ‘ఎ ఎలిఫెంట్’ అని రాస్తుంది. అక్కడ దిద్దాల్సింది వ్యాకరణాన్ని కాదు, పలుకును.

అసలు కథ ఏమిటంటే, మొదట ఉన్నది యాన్ ఒక్కటే. ‘ఒకటి’ అనే అర్థమున్న పాత మాట అది. హల్లు ముందు పలకడం కష్టమై నకారం జారిపోయింది, అచ్చు ముందు మిగిలిపోయింది. పాత తెలుగు వ్యాకరణంలో ద్రుతాన్ని, అంటే మాట చివర వచ్చిపోయే నకారాన్ని, చదువుకున్నవారు ఇక్కడ కాస్త నవ్వుకోవచ్చు. ఈ నకారం ఎంత అల్లరిదంటే, కొన్ని మాటల నుంచి నకారాన్ని లాగేసుకుంది కూడా. ‘ఎ నేప్రన్’ అన్నది కాలక్రమంలో ‘యాన్ ఏప్రన్’ అయింది. యాడర్ అనే పాము పేరు కూడా ఒకప్పుడు నకారంతోనే మొదలయ్యేది. ఈ సంగతి చెబితే పిల్లలు యాన్‌ను మరిచిపోరు.

గతకాలపు ‘ఎడ్’ కూడా చెవికి సంబంధించినదే. రాతలో ఒకటే అయినా పలుకులో మూడు: వాక్ట్, ప్లేడ్, వాంటెడ్. రాతను చూసి ‘వాకెడ్’ అని నేర్చుకున్న పిల్లకు, ఎవరైనా మాట్లాడుతుంటే ఆ చివరి చిన్న టకారం వినిపించదు. వినిపించనిది రాతలోకీ రాదు. చదివి వినిపించండి, అంతే.

ఒక్క స్, పెద్ద తలనొప్పి

‘ద బర్డ్ ఫ్లైజ్’, ‘ద బర్డ్స్ ఫ్లై’. ఒక పక్షి అయితే క్రియకు స్, ఎక్కువ పక్షులైతే క్రియకు స్ లేదు. పిల్లల కళ్లకు ఇది అన్యాయం. స్ అంటే ‘ఎక్కువ’ అని నేర్పిందీ మనమే, ఇప్పుడు ఒక్కదానికే స్ తగిలించమంటున్నదీ మనమే.

వాళ్లకు ఒక ఆట చెప్పవచ్చు: ఇద్దరి మధ్య ఒకే స్ ఉంది, అది పక్షి దగ్గరైనా ఉండాలి, ఎగరడం దగ్గరైనా ఉండాలి. చిల్డ్రన్, మైస్ లాంటివి వచ్చినప్పుడు, ఐ, యు వచ్చినప్పుడు ఈ ఆట చెల్లదు. అయినా మొదటి ఏడాదికి ఇది చాలు. తర్వాత దీన్ని వదిలేసి ‘హీ, షీ, ఇట్’ అనే అసలు నియమానికి రావాలి.

నిజానికి తెలుగు పిల్లకు ఇది పెద్ద పని కాకూడదు. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అంటూ ప్రతి మనిషికీ క్రియ చివరను మార్చడం మూడేళ్లకే వచ్చేసింది. ఇంగ్లీషులో అలాంటి చివరలన్నీ రాలిపోయి ఈ ఒక్క స్ మిగిలింది. మరి ఎందుకు మరిచిపోతారు? దానికి చేసే పని లేదు గనక. ‘వెళ్తాడు’ అంటే ఎవరో చెప్పకపోయినా తెలుస్తుంది. ఇంగ్లీషులో ‘హీ’ ఎలాగూ చెప్పేస్తుంది, కాబట్టి స్ లేకపోయినా అర్థానికి లోటేమీ రాదు. పనిలేనిదాన్ని బుర్ర చివరికి నెట్టేస్తుంది. రోజర్ బ్రౌన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్న ముగ్గురు పిల్లల మాటలను ఏళ్ల తరబడి గమనించి, ఏ చిన్న గుర్తు ఎప్పుడు స్థిరపడిందో 1973లో వరస వేశారు. పద్నాలుగు అంశాల ఆ వరసలో బహువచనపు స్ నాలుగోది, క్రియ మీది స్ పదోది. చప్పుడు ఒకటే, మధ్యలో అంత దూరం. ఇంగ్లీషు ఇళ్లలోనే ఇంత ఆలస్యమైనదాన్ని రెండో భాషగా నేర్చుకుంటున్న పిల్ల నుంచి ఒక్క వారంలో ఆశించడం న్యాయం కాదు. ఈ తప్పు మీద నేను కోప్పడటం మానేశాను.

‘ద’ ఎక్కడ? ‘ఈజ్’ ఏమైంది?

తెలుగులో ఆర్టికల్స్ లేవంటారు. కథ చెప్పడం మొదలుపెట్టండి, ఉన్నాయో లేవో తెలుస్తుంది. ‘‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.’’ మొదటిసారి ‘ఒక’, పరిచయమయ్యాక ‘ఆ’. ‘ఎ కింగ్’, ‘ద కింగ్’ల మధ్య తేడా దాదాపు ఇదే. దీన్ని ఒక చిన్న పరీక్షగా మార్చవచ్చు: నువ్వు ఆ మాట అనగానే వినేవారు ‘ఏది?’ అని అడుగుతారా? అడిగే అవకాశం ఉంటే ఎ, లేకపోతే ద. ‘తలుపు మూయి’ అంటే ఏ తలుపు అని ఎవరూ అడగరు, కాబట్టి ‘ద డోర్’. సూర్యుడు అంటే ఏ సూర్యుడు అని అడగరు, కాబట్టి ‘ద సన్’. నదుల పేర్లకు ‘ద’, సరస్సుల పేర్లకు వద్దు లాంటి పట్టికల జోలికి ప్రాథమిక తరగతుల్లో పోవద్దు. వ్యాసాలు రాసే పెద్దవాళ్లే అక్కడ తడబడతారు. అది చదవగా చదవగా అబ్బేది.

‘షీ టీచర్’ అని రాసిన పిల్ల ఈజ్‌ను మరిచిపోలేదు. ఆమె భాషలో అక్కడ క్రియ ఉండనే ఉండదు. ‘ఆమె టీచరు’ అనేది నిండు వాక్యం. ఇంగ్లీషు వాక్యానికి క్రియ లేనిదే కాళ్లు ఉండవు, చెప్పడానికి పని ఏమీ లేకపోయినా ఈజ్ వచ్చి నిలబడాలి. అలాగే కర్త కూడా. మనం ‘చీకటి పడింది’ అంటాం, వాళ్లు ‘ఇట్ ఈజ్ డార్క్’ అంటారు. ఆ ‘ఇట్’ ఎవరు అని పిల్ల అడిగితే, ఎవరూ కాదు, కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టిన మనిషి అని చెప్పండి.

మిగతావి త్వరగా తేలిపోతాయి. ‘ఇట్స్’లో పైన కామా పెట్టాలా వద్దా అన్నప్పుడు ‘ఇట్ ఈజ్’ అని విడదీసి చదివితే, అర్థం కుదిరినచోట పెట్టాలి. ‘మై బ్రదర్ అండ్ ఐ’నా, ‘మీ’నా అన్న సందేహం వస్తే బ్రదర్‌ను కాసేపు బయటికి పంపి చదవాలి. పెట్టెలో, బల్ల మీద అని మనం వెనక తగిలించేవాటిని వాళ్లు ముందు పెడతారు, అద్దంలో చూసినట్టు. ‘పెద్ద ఎర్ర బంతి’కి మాత్రం రెండు భాషల్లోనూ వరస ఒకటే, అక్కడ నేర్పాల్సిందేమీ లేదు.

పేర్లు ఎన్ని కావాలి?

ఇంగ్లండులో 2013 నుంచి ప్రాథమిక విద్య ముగిసే పది, పదకొండేళ్ల పిల్లలకు వ్యాకరణం, విరామచిహ్నాలు, స్పెల్లింగు మీద ప్రత్యేక పరీక్ష పెడుతున్నారు. అందులోని పారిభాషిక పదాలు చూసి తల్లిదండ్రులే బెంబేలెత్తారు. అంతకు ముందే, 2004లో, యార్క్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఆండ్రూస్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టింది. వాక్య నిర్మాణ వ్యాకరణాన్ని విడిగా బోధిస్తే 5 నుంచి 16 ఏళ్ల పిల్లల రాత మెరుగవుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదని తేల్చింది. చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యం చేయించే అభ్యాసం మాత్రం ఫలితమిస్తున్నట్టు కనిపించింది.

నౌన్, వెర్బ్ లాంటి పేర్లు వద్దని నేను అనను. దేని గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోవడానికి నాలుగైదు పేర్లు కావాలి. కానీ అరగంట సమయం ఉంటే అందులో పాతిక నిమిషాలు వాక్యాలు కలపడానికే ఇస్తాను. ‘ఇట్ రెయిన్డ్’, ‘వి రాన్ ఇన్‌సైడ్’ అనే రెండింటిని ఇచ్చి, ఎన్ని రకాలుగా అతకగలవో చూడమంటే పిల్లలు వెన్, బికాజ్, సో, అండ్ అన్నీ తిరగేస్తారు. ఏది పెడితే అర్థం ఎటు వాలుతుందో వాళ్లే కనిపెడతారు.

దిద్దే పద్ధతి గురించి కూడా ఒక మాట. పిల్ల ‘హీ గోడ్ హోమ్’ అన్నప్పుడు కథ ఆపి రూలు చెప్పనక్కర్లేదు. ‘‘ఓహో, హీ వెంట్ హోమ్? తర్వాత?’’ అంటే సరైన మాట చెవిన పడుతుంది, కథా సాగుతుంది. రాతలో అయితే రోజుకు ఒక రకం తప్పే దిద్దాలి. ఆ నోటుపుస్తకంలో అయిదు ఎర్ర గీతలున్నాయి, కానీ తప్పు ఒక్కటే, అయిదుసార్లు కనిపించింది. అయిదు తప్పులు చేశానని పిల్ల అనుకుంది.

మూట కథ చెప్పిన నాలుగు రోజులకు మా పిల్ల మళ్లీ పుస్తకం పట్టుకొచ్చింది. ‘‘బాబాయ్, ‘డిడ్ యు డూ ఇట్’ అని ఉంది. డూ రెండుసార్లు ఎందుకు? ఒకటి కొట్టేయనా?’’ అంది. నేను నోరు తెరిచేలోగా తనే కాసేపు ఆ వాక్యాన్ని చూసింది. ‘‘ఒకటి మోసేది, ఒకటి చేసేది’’ అని తనలో తనే అనుకుని, పెన్సిలు జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.